“మీ ఇంట్లో పాపం ఉంది, అందుకే ప్రార్థన వినబడడం లేదు” అనడం వాక్యానుసారమేనా?

కల్వకుర్తి చెల్లెలు:
పెద్దలకు, సహోదరీ సహోదరులకు ప్రభువు నామంలో వందనాలు. మా ఆయనకు రెండు మూత్రపిండాలూ పాడై పద్నాలుగు నెలలవుతున్నది. వారానికి మూడు రోజులు మొదటి బస్సుకే డయాలిసిస్‌కు వెళ్లి, చీకటి పడేవేళకు ఇల్లు చేరుతున్నాము. ప్రతి శుక్రవారం మా ఇంట్లో ఉపవాస ప్రార్థన జరుగుతుంది. పోయిన శుక్రవారం వేరే ఊరి నుండి వచ్చిన ఒక సేవకుడు యెహోషువ గ్రంథంలో, తీసుకోకూడని సొత్తు దొంగిలించి తన గుడారంలో పాతిపెట్టిన ఆకాను సంగతి చదివి, మోకాళ్ల మీద ఉన్న నన్ను చూపుతూ, “ఈ గుడారంలో కూడా ఏదో పాతిపెట్టి ఉన్నది, అది బయటపడేదాకా మీరు ఎంత మొరపెట్టినా ఆ మొర ఈ రేకులు దాటిపోదు” అని అందరి ముందు అన్నారు.

ఆ రాత్రి మా ఆయన నిద్రపోలేదు. చిన్ననాడు తోటలో దొంగిలించిన మామిడికాయల దగ్గర మొదలుపెట్టి, కల్లు తాగిన సంవత్సరాలు, చిట్టీ డబ్బుల విషయంలో తన అన్నతో ఆడిన అబద్ధం దాకా ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయి, చివరికి నా వైపు తిరిగి, “నువ్వేమైనా దాచినావా?” అని అడిగాడు. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆయన నన్ను అలా అడగడం అదే మొదటిసారి.

నేను తెలుసుకోగోరేది ఇది. దేవుడు పాపుల ప్రార్థన వినడా? వినాలంటే ఎంత నీతి ఉండాలి? జవాబు రాకపోవడమే పాపానికి రుజువు అనుకోవాలా?

వాక్యం మాత్రమే:
సహోదరీ, మీ బాధ అర్థమైనది, అయినా మెత్తని మాటల కోసం వాక్యాన్ని మార్చలేము. యెహోవా హస్తము కురుచకాలేదని, ఆయన చెవులు మందము కాలేదని, మన దోషాలే ఆయనకూ మనకూ అడ్డంగా వచ్చాయని యెషయా 59వ అధ్యాయం మొదటి రెండు వచనాలు స్పష్టంగా చెబుతున్నాయి. దేవుడు పాపుల మనవి ఆలకింపడని యోహాను 9:31లో ఉన్నది. హృదయంలో పాపమును లక్ష్యము చేసినయెడల ప్రభువు మనవి వినడని కీర్తన 66:18లో ఉన్నది. ఆకాను ఒక్కడు చేసిన దోషానికి హాయి పట్టణం దగ్గర ముప్పై ఆరుగురు చనిపోయారు. ఆ సేవకుని మాట కఠినమైనదే గాని, అబద్ధమని నేను చెప్పలేను. ఇంటిని పరీక్షించుకోవడం వల్ల నష్టం లేదు.

నిర్వాహకులు:
ఆ సేవకుడు ఎవరై ఉంటారో ఊహించే వ్యాఖ్యలు రెండు వచ్చాయి, తొలగించాము. వ్యక్తిని వదిలి విషయం మీదనే రాయవలసిందిగా మనవి.

దేవరకొండ సారు:
అమ్మా, పిల్లలకు ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి, కాబట్టి మాట దగ్గరనే మొదలుపెడతాను. కీర్తనలో “పాపము ఉన్నయెడల” అని లేదు, “లక్ష్యము చేసినయెడల” అని ఉన్నది. ఈనాటి పిల్లలకు లక్ష్యం అంటే గురి. మన పెద్దలు మాత్రం “వాడు నా మాటను లక్ష్యపెట్టలేదు” అనే అర్థంలో ఇప్పటికీ వాడుతున్నారు, అంటే ఆదరించి చూడడం, విలువ ఇవ్వడం. హెబ్రీ మూలంలో అక్కడ ఉన్నది “చూచు” అనే మామూలు క్రియే. లోపలి గదిలో పాపానికి వేళకు అన్నం పెట్టి పోషిస్తూ, తలుపు దగ్గరగా వేసి, వసారాలోకి వచ్చి చేతులెత్తేవాని సంగతి అది. రాత్రంతా మేలుకొని మామిడికాయలతో సహా చెప్పుకున్న మనిషి పాపాన్ని లక్ష్యము చేసినవాడు కాడు, దాన్ని గదిలో నుండి బయటికి ఈడ్చినవాడు. అదే కీర్తన తర్వాతి వచనంలో దేవుడు తన మనవి అంగీకరించాడని పాడుతుంది. 18వ వచనం దగ్గరే ఆగిపోయే అలవాటు మనకు ఎక్కడి నుండి వచ్చిందో తెలియదు.

యోహాను 9:31 ఎవరి మాట? యేసు మాట కాదు, అపొస్తలుని మాట కాదు. చూపు వచ్చిన గుడ్డివాడు, తనను బాగుచేసిన యేసును పాపి అన్న పరిసయ్యులతో వాదిస్తూ, వాళ్లూ ఒప్పుకునే సూత్రాన్నే తీసుకొని, “పాపి అయితే ఈ పని చేయగలడా?” అని వాళ్ల మీదికే తిప్పాడు. ఆ వాదంలో అది గట్టి మాటే, కాని దాన్ని సిద్ధాంతంగా నిలబెడితే లూకా 18లోని సుంకరి, అంటే పన్ను వసూలు చేసేవాడు, దేవాలయం నుండి ఇంటికి ఎలా వెళ్లాడో చెప్పలేము. “పాపినైన నన్ను కరుణించుము” అన్నవాడే నీతిమంతుడుగా తీర్చబడి వెళ్లాడని యేసు స్వయంగా చెప్పాడు.

ఇక మూడో ప్రశ్న. బోరులో నీళ్లు లేకపోతే మోటరు పోయదు, నిజమే. అయితే మోటరు పోయడం లేదు కాబట్టి బోరు ఎండిపోయిందని తీర్పు చెప్పేవాణ్ణి మన రైతులు నవ్వి పంపిస్తారు, కరెంటు పోయి ఉండవచ్చు, స్టార్టరు కాలి ఉండవచ్చు. పాపం ప్రార్థనకు అడ్డు వస్తుందని వాక్యం చెబుతుంది. అడ్డు కనబడిన ప్రతిచోటా పాపమే ఉన్నదని ఎక్కడా చెప్పదు. పౌలు తన శరీరంలోని ముల్లు పోవాలని మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, “నా కృప నీకు చాలును” అనే జవాబు వచ్చింది. గెత్సేమనే తోటలో తన శ్రమల గిన్నె తొలగించమని యేసు ఒకే మనవిని మూడుసార్లు చేశాడు, ఆ గిన్నె తొలగిపోలేదు. ఆయనలో ఏ పాపం పాతిపెట్టి ఉన్నదని ఆ సేవకుడు చెబుతారు?

ఆకాను విషయంలో కూడా ఒక సంగతి గమనించాలి. అక్కడ పాపం ఉన్నదని యెహోషువ ఊహించలేదు, దేవుడే చెప్పాడు, గోత్రం తర్వాత గోత్రాన్ని రప్పించి ఆ మనిషిని దేవుడే చూపాడు. తవ్వితే వెండి, బంగారు కమ్మి దొరికాయి. ఏమీ దొరకనిచోట గుంతలు తవ్వుతూ పోవడానికి ఆ అధ్యాయం అనుమతి ఇవ్వదు.

గుడి గంట (నల్లగొండ):
నేను కతోలికుణ్ణి, 1976లో ఏర్పడిన మా నల్లగొండ మేత్రాసనంలోని (బిషప్ గారి పరిధిలోని) ఒక విచారణకు, అంటే స్థానిక గుడి సంఘానికి చెందినవాణ్ణి. సారు చెప్పిన యోహాను వచనం మీద వాదం కొత్తది కాదు. అయిదో శతాబ్దం మొదట్లో హిప్పో పట్టణపు పీఠాధిపతి పునీత అగస్టీను కూడా, ఆ గుడ్డివాడు పూర్తిగా వెలుగు పొందకముందు పలికిన మాట అది అని, దేవుడు పాపులను ఆలకించకపోతే సుంకరి రొమ్ము కొట్టుకోవడం వ్యర్థమేనని బోధించాడు. పదమూడో శతాబ్దంలో తోమా అక్వినాసు దీన్ని మరికొంత విడమరిచి, పాపి ప్రార్థన మంచి కోరిక నుండి వచ్చినప్పుడు దేవుడు దాన్ని వింటాడని, అయితే అది అతనికి రావలసిన హక్కుగా కాదు, కేవలం కనికరం వల్లనే అని చెప్పాడు.

మా ఆచారంలో ఇది ప్రతి ఆదివారం కంటికి కనబడుతుంది. దివ్యబలిపూజలో మనవులు చెప్పుకునేది తర్వాత, ముందు గురువుతో సహా అందరం రొమ్ము తట్టుకుని పాపాలు ఒప్పుకుంటాము. ఘోరమైన పాపంలో ఉన్నవాడు గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం చేయకుండా, క్రీస్తు శరీరంగా మేము అందుకునే దివ్యసత్ప్రసాదం తీసుకోకూడదు, ఆ నియమం కఠినమైనదే. కాని ఆ పాపి ప్రార్థన చేయకూడదని సంఘం ఎన్నడూ చెప్పలేదు, చెబితే అతడు తిరిగి వచ్చే దారి ఏది? పశ్చాత్తాపమే ఒక ప్రార్థన కదా.

నీతి ఎంత ఉండాలి అని చెల్లెలు అడిగారు. యెహెజ్కేలు గ్రంథం నోవహు, యోబులతో కలిపి నీతిమంతులుగా లెక్కించిన దానియేలు తన తొమ్మిదో అధ్యాయపు ప్రార్థనలో, మా నీతికార్యాలను బట్టి కాదు, నీ గొప్ప కనికరాలను బట్టి అడుగుతున్నామని అంటాడు. అంతటివాడే తన నీతిని పక్కన పెట్టి మాట్లాడినప్పుడు మన దగ్గర కొలత పాత్ర ఎందుకు?

వాక్యం మాత్రమే:
సారు బోరు ఉదాహరణతో చెప్పిన తర్కాన్ని ఒప్పుకుంటున్నాను. జవాబు రాకపోతే పాపమే కారణమని నేను రాసి ఉంటే అది తొందరపాటు. గెత్సేమనే నాకు తట్టలేదు.

కాని నా భయం వేరు. శనివారం రాత్రి తాగి భార్యను కొట్టి, ఆదివారం ముందు వరుసలో చేతులెత్తేవాళ్లను చూస్తూ పెరిగినవాణ్ణి. “దేవుడు పాపుల ప్రార్థన వింటాడు” అన్న మాట వాళ్ల చేతిలో ఏమవుతుంది? ధర్మశాస్త్రం వినకుండా చెవి తొలగించుకునేవాని ప్రార్థన హేయమని సామెతలు 28:9 చెబుతున్నది. నీతిమంతుని విజ్ఞాపన బహు బలము గలదని యాకోబు 5:16 చెబుతున్నది. మనం క్రీస్తు నీతిని ధరించుకొని, ఆయన నామంలో అడుగుతాము, అది మా సంఘం బోధ, అందులో నాకు సందేహం లేదు. అయితే ధరించుకున్న నీతి నడతలో కనబడకపోయినా ప్రార్థన ఒకేలా ఉంటుందా?

గుడి గంట (నల్లగొండ):
క్రీస్తు నీతి మన లెక్కలో వేయబడుతుందా, మన లోపల పోయబడుతుందా అన్న మీ ప్రొటెస్టంట్ల, మా కతోలికుల వాదం పదహారో శతాబ్దం నాటిది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్ పట్టణంలో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కతోలిక సంఘం కలిసి, కృప వల్లనే దేవుడు మనలను అంగీకరిస్తాడని, ఆ కృప మనలను సత్‌క్రియలకు సిద్ధపరుస్తుందని ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. భేదాలన్నీ తీరలేదు. కాని తాగి వచ్చి చేతులెత్తేవాణ్ణి ఇద్దరమూ సమర్థించము.

గెట్టు మీది వేపచెట్టు (జడ్చర్ల దిక్కు):
నేను చదువుకున్నవాణ్ణి కాదు, మా ఎంబీ (మెన్నొనైట్ బ్రదరెన్) సంఘంలో చాపలు పరిచేవాణ్ణి. 1899లో వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీల నాటి నుండి మా పాలమూరు సంఘాలలో ఒక పట్టుదల ఉన్నదని మా నాయన చెప్పేవాడు: పగ పెట్టుకున్నవాడు ముందు మనిషితో సమాధానపడాలి, ఆ తర్వాతే ప్రభువు బల్ల దగ్గరికి రావాలి. బలిపీఠం దగ్గర అర్పణం వదిలిపెట్టి ముందు నీ సహోదరునితో సమాధానపడు అన్న మత్తయి 5వ అధ్యాయం మాటను వాళ్లు మాటగానే తీసుకున్నారు.

నాకు, నా తమ్మునికి మూడేళ్లు గెట్టు పంచాయితీ నడిచింది. జానెడు వెడల్పు నేల కోసం మాటలు బంద్ అయినాయి. ఆ మూడేళ్లలో నేను బోరు కోసం ఉపవాసముండి ప్రార్థించాను. ఒక రాత్రి “మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము” అనే దగ్గర నా నోరు ఆగిపోయింది, ఎందుకంటే నేను క్షమించలేదు, ఆ మాట అబద్ధం. మూడేళ్లుగా రోజూ దేవుని ముందు అబద్ధం ఆడుతున్నానని అప్పుడు తెలిసింది. తెల్లవారి వాని ఇంటికి వెళ్లి, గెట్టు రాయి వాడు చూపినచోటే పాతుదామని చెప్పాను.

ఇక్కడ సాక్ష్యం చెప్పేవాళ్లయితే “వెంటనే బోరులో నీళ్లు పడ్డాయి” అంటారు. పడలేదు. రెండో బోరు కూడా దుమ్మే లేపింది, అప్పు ఇంకా ఉన్నది. కాని ఆ ప్రార్థన చివరి దాకా నోరు తడబడకుండా చెప్పగలుగుతున్నాను. అడ్డు దేవుని చెవి దగ్గర లేదు, నా గొంతు దగ్గర ఉన్నది అని నాకు అర్థమైంది.

యాకోబు 5:16 చదివే తమ్ముళ్లు అదే అధ్యాయం 4వ వచనం కూడా చదవాలి. చేలు కోసినవారికి ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొరపెడుతున్నదని, ఆ కేకలు ప్రభువు చెవులలో చొచ్చాయని ఉన్నది. మా ఊరి సగం మంది బొంబాయి, పూణెల్లో మట్టి పని చేసి వచ్చినవాళ్లు. మేస్త్రీ కూలి ఎగ్గొట్టి, ఆదివారం కానుక వేసి ప్రార్థించాడనుకోండి. ఒకే చెవికి రెండు మనవులు పోతున్నాయి, మేస్త్రీది ఒకటి, కూలిది ఒకటి. దేవుడు ఏది ముందు వింటాడో యాకోబు రాసిపెట్టాడు.

దేవరకొండ సారు:
అన్నా, నేను పది వాక్యాలలో చెప్పలేనిది మీరు గెట్టు రాయితో చెప్పారు. దీనికి ఒక చిన్న మాట చేరుస్తాను. నీతి అనగానే మనకు నీతికథలు, నీతిశతకాలు గుర్తుకు వస్తాయి, అంటే ఒక మనిషి ఒంటరిగా కూడబెట్టుకునే మంచి నడత. హెబ్రీ బైబిలులో ఆ చోట ఉన్న మాటకు ఎదుటివానితో ఉండవలసిన సంబంధాన్ని సరిగా నిలుపుకోవడం అనే అర్థం బలంగా ఉన్నది. మన సహోదరుడు మొదట చూపిన యెషయా 59కి ముందున్న 58వ అధ్యాయం ఉపవాసం గురించే. ఉపవాస దినాన పనివాళ్లను పీడించే జనం “మేము ఉపవాసముంటే నీవెందుకు చూడవు?” అని అడుగుతారు. కాడి విప్పండి, ఆకలిగొన్నవానికి అన్నం పెట్టండి, అప్పుడు మీరు పిలువగా యెహోవా ఉత్తరమిస్తాడు అని జవాబు. ఆ రెండు అధ్యాయాలలో ప్రార్థనను ఆపే దోషాల పట్టికలో అన్యాయపు వ్యాజ్యం, అబద్ధ సాక్ష్యం, రక్తం ఉన్నాయి, రోగి మంచం పక్కన కూర్చున్న భార్య లేదు.

వనపర్తి అక్క:
ప్రార్థనకు అభ్యంతరం అనే మాట సూటిగా వచ్చేచోటు మొదటి పేతురు 3:7. అది భర్తలకు రాసినది. భార్య బలహీనమైన ఘటమని ఎరిగి, జీవమను కృపావరంలో తనతో పాలివారని ఎంచి సన్మానించాలి, లేకపోతే మీ ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుందని అపొస్తలుడు అంటాడు. నలభై ఏళ్లుగా ఇంటి కూడికలకు పోతున్నాను. పాపం వెదకవలసి వస్తే వేళ్లన్నీ ఆడవాళ్ల వైపు తిరగడమే చూశాను గాని, ఈ వచనం పట్టుకొని ఒక్క ఇంటాయనను అడిగిన సేవకుణ్ణి చూడలేదు. చెల్లీ, మీ ఆయన అడిగిన ప్రశ్నకు మీరు కుమిలిపోకండి. భయం ఆయన చేత అడిగించింది, ఆ భయాన్ని ఇంకొకరు తెచ్చి మీ ఇంట్లో పెట్టి పోయారు.

మునుగోడు వాసి:
మా ప్రాంతంలో ఈ ప్రశ్న ఎముకల మీద రాసి ఉన్నది. మర్రిగూడ, మునుగోడు పల్లెల్లో కాళ్లు వంకర తిరిగిన పిల్లలను, నడుము వంగి నేల చూస్తూ నడిచే నడివయసు వాళ్లను చూసి, ఇది తల్లిదండ్రుల పాపమని, పూర్వజన్మ కర్మమని చెప్పినవాళ్లు అన్ని మతాలలోనూ ఉన్నారు. చివరికి తేలింది ఏమిటంటే, నేలకింది రాతి నుండి ఫ్లోరైడు నీళ్లలో కరుగుతున్నది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడనిది, మా బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తీసే పద్ధతికి “నల్లగొండ విధానం” అని మా జిల్లా పేరే పెట్టారు, గర్వపడాలో ఏడవాలో తెలియని పేరు.

“వీడు గుడ్డివాడై పుట్టుటకు ఎవడు పాపము చేసెను?” అని శిష్యులు అడిగితే, వీడైనను వీని కన్నవారైనను కాదని యేసు చెప్పాడు. యోహాను 9:31 దాకా వెళ్లిన సహోదరుడు 3వ వచనం దాటే కదా వెళ్లి ఉంటారు. తెలుగులో ఒక వింత ఉన్నది, దోషానికీ పాపం అనే అంటాము, బాధలో ఉన్నవాణ్ణి చూసినా “అయ్యో పాపం” అనే అంటాము. మంచం మీద ఉన్న మనిషిని చూసినప్పుడు ఆ రెండో అర్థం ముందు నోటికి రావాలి.

వాక్యం మాత్రమే:
3వ వచనం దాటే వెళ్లాను, ఒప్పుకుంటున్నాను. చెల్లెలుగారూ, నా మొదటి జవాబులో “ఇంటిని పరీక్షించుకోవడం వల్ల నష్టం లేదు” అని రాశాను. నష్టం జరిగిందని మీరు అప్పటికే రాసి ఉన్నారు, నేను సరిగా చదవలేదు. క్షమించండి.

కల్వకుర్తి చెల్లెలు:
అందరికీ వందనాలు. ఇవన్నీ డయాలిసిస్ నడుస్తున్న నాలుగు గంటలలో మా ఆయనకు చదివి వినిపించాను. గెట్టు అన్న మాట విన్న తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చిట్టీ డబ్బుల సంగతి తన అన్నకు ఫోనులోనే చెప్పేశాడు, రెండు వేల ఎనిమిది వందలు. బావగారు, “అది నాకు ఎప్పుడో తెలుసురా” అన్నారట. నన్ను అడిగిన ప్రశ్నకు మాత్రం నోటితో ఏమీ అనలేదు, తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చాడు.

ఒక్క సందేహం మిగిలింది. ఆ సేవకుడు ఈ శుక్రవారం మళ్లీ వస్తానని కబురు పంపారు. రావద్దని చెప్పడం పాపమవుతుందా?

దేవరకొండ సారు:
రానివ్వండి అమ్మా, చాయ పోయండి. వాక్యం చదివే వంతు మాత్రం మీరే తీసుకొని, యోబు 42వ అధ్యాయం 7వ వచనం నుండి చదవండి. నీవు పాపం చేసి ఉంటావు, అందుకే నీకు ఈ శ్రమ అని ముగ్గురు స్నేహితులు యోబుకు పుస్తకం పొడవునా చెప్పారు. దేవుడు చివరికి ఆ ముగ్గురి మీద కోపపడి, యోబు మీకోసం ప్రార్థన చేస్తాడు, అతని ప్రార్థననే అంగీకరిస్తాను అన్నాడు. ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న మనిషి ప్రార్థన అది.

కల్వకుర్తి చెల్లెలు:
చదువుతాను సారూ. శుక్రవారం కూడా డయాలిసిస్ రోజే, కాబట్టి రాత్రి ఏడు దాటిన తర్వాత రమ్మని కబురు పెట్టాను.